పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని షాపుకెళ్లండి

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వీడియో 4కెలో ఇచ్చారు. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పెడితే మాట ముందు వినిపిస్తోంది, పెదవులు తర్వాత కదులుతున్నాయి. సరిగ్గా తాళి కట్టే దగ్గరే ఆగిపోతోంది! వీడియోలు, సినిమాలు బాగా కనిపించే ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నా. బడ్జెట్ 60 వేలు. షాపులో ‘గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే తీసుకోండి సార్’ అంటున్నారు. ఏం చూసి కొనాలి? (తణుకు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గ్రాఫిక్స్ కార్డు మాట పక్కన పెట్టండి. చూడటానికీ, అక్కడక్కడా ముక్కలు కత్తిరించి వాట్సాప్‌లో పంపడానికీ అది అక్కర్లేదు. డబ్బుకు డబ్బు, బరువుకు బరువు.

వీడియోను కుదించి ఫైల్‌గా చేస్తారు. ఆ కుదించే పద్ధతే కోడెక్. దాన్ని మళ్లీ విప్పడానికి ప్రాసెసర్‌లోనే డీకోడర్ అని ప్రత్యేకమైన భాగం ఉంటుంది. మీ ఫైల్ కోడెక్ దానికి తెలియకపోతే ఆ భారమంతా ప్రాసెసర్‌లో మామూలు పనులు చేసే భాగం, అంటే సీపీయూ మీద పడుతుంది. ఫ్యాను రొద పెడుతుంది, బొమ్మ ఆగుతుంది. మీ పాత ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నది బహుశా ఇదే. 2003 నాటి హెచ్.264 అనే కోడెక్‌ను ఇప్పుడు వాడుతున్న ల్యాప్‌టాప్‌లన్నీ దాదాపుగా విప్పేస్తాయి. 4కె వీడియోలకు ఎక్కువగా వాడే హెచ్‌ఈవీసీ కోడెక్ 2013లో వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఏడో తరం నుంచి అది 10 బిట్‌తో (రంగుల ఛాయలు ఎక్కువగా ఉండే రకం) సహా ఆడుతుంది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఏవీ1 కోడెక్ కావాలంటే కనీసం ఇంటెల్ 11వ తరం గానీ, ఏఎండీ కంపెనీ రైజెన్ 6000 వరుస గానీ ఉండాలి. ఇక్కడ చిన్న మెలిక ఉంది. రైజెన్ 5 7530యూ అనే చిప్ పేరు 7తో మొదలవుతుంది కానీ లోపలున్నది వేగా అనే పాత గ్రాఫిక్స్ భాగమే. ఏవీ1 విప్పే భాగం అందులో లేదు. అంకె పెద్దదని మోసపోకండి.

ఇక తెర. ‘హెచ్‌డీ’ అని మాత్రమే రాసి ఉంటే అది 1366 x 768, అంటే పదిన్నర లక్షల చుక్కలు. ‘ఫుల్ హెచ్‌డీ’ 1920 x 1080, అంటే దాదాపు 20.7 లక్షలు. మీరు తీసుకోవాల్సింది ఇదే. 15.6 అంగుళాల తెర మీద 4కెకు (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలు), దీనికి తేడా మామూలు కంటికి పెద్దగా తెలియదు, పైగా 4కె తెర బ్యాటరీ తాగేస్తుంది. అంతకంటే ముఖ్యం రంగులు. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత ఒకటి ఉంటుంది. వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే పక్కన పెట్టేయండి. మిరపపండు రంగు పట్టుచీర అందులో ఇటుక రంగులో కనిపిస్తుంది. ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ (ఇదీ రంగుల కొలతే), 300 నిట్స్ వెలుగు, ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని తెర) అడగండి. ర్యామ్ 16 జీబీ, అదీ 8 జీబీవి రెండుగా ఉంటే మేలు.

స్పీకర్లు ఎటు తిరిగి ఉన్నాయో కూడా చూడండి. నేనోసారి అడుగున స్పీకర్లున్నది కొన్నా. పరుపు మీద పెడితే సినిమాలో సగం డైలాగులు పరుపే మింగేసేది. టీవీకి కలిపే ఆలోచన ఉంటే హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు ఉందో లేదో కనుక్కోండి. 1.4 అయితే 4కె సెకనుకు 30 ఫ్రేములకే పరిమితం.

షాపులో వాళ్లు ఆడించే డెమో వీడియో ఏ ల్యాప్‌టాప్‌లోనైనా బ్రహ్మాండంగానే ఉంటుంది. మీ అమ్మాయి పెళ్లి వీడియోనే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ముందు డెస్క్‌టాప్ మీదకు కాపీ చేయించండి, లేదంటే పెన్‌డ్రైవ్ నెమ్మదిని ల్యాప్‌టాప్ ఖాతాలో వేస్తాం. వీడియో ఆడుతుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో జీపీయూ (గ్రాఫిక్స్ భాగం) తెరవండి. ‘వీడియో డీకోడ్’ గీత పైకి లేచి, సీపీయూ కిందే ఉంటే పాసైనట్టే. విండోస్ ప్లేయర్ ‘హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ కొనండి’ అంటే టెన్షన్ పడొద్దు, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో ఆడించండి.

బయల్దేరే ముందు ఇంకో పని చేయండి. పాత ల్యాప్‌టాప్‌లోనే వీఎల్‌సీలో వీడియో తెరిచి కంట్రోల్, జె కలిపి నొక్కితే కోడెక్ పేరు కనిపిస్తుంది. హెచ్‌ఈవీసీ అని ఉంటే, ‘ఫుల్ హెచ్‌డీలో, హెచ్.264లో ఇంకో కాపీ ఇవ్వు బాబూ’ అని వీడియోగ్రాఫర్‌ని అడగండి. ఆ కాపీ సాఫీగా ఆడితే, ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాలా అన్నది మళ్లీ ఆలోచించుకోవచ్చు.