విదేశాల్లో మనల్ని అంటే జాత్యహంకారం, మనం ఇంకొకరిని అంటే సరదానా?

సరదా కాదు. సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తున్నాను. "సందర్భం చూడాలి కదా" అంటారు చాలామంది. చూడాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మాట మనవాళ్ల నోట ఎప్పుడు వస్తుందో గమనించండి. తప్పు మనవైపు ఉన్నప్పుడే వస్తుంది. ఎదుటివాడు చేసినప్పుడు సందర్భం ఎవరికీ గుర్తుండదు.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. కింద మేముంటాం, పై పోర్షన్ అద్దెకిస్తాం. 2019లో ఒక ఆదివారం పొద్దున పదకొండింటప్పుడు బ్రోకర్ ఇద్దరు అబ్బాయిలను వెంటబెట్టుకొచ్చాడు. (ఈ బ్రోకర్లు నెల అద్దె కమీషన్ తీసుకుంటారు, వచ్చేదెవరో ముందుగా ఒక్క ఫోన్ చేసి చెప్పరు.) ఇద్దరిదీ టాంజానియా, ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నారు. పొడుగ్గా ఉన్న అబ్బాయి చెప్పులు గేటు బయటే విడిచి, చేతులు జోడించి "నమస్కారం అన్నా" అన్నాడు.

అమ్మ నన్ను లోపలికి పిలిచింది. "వద్దు నాయనా, ఏం తింటారో ఏం తాగుతారో! వీధిలో అందరూ మనల్నే అడుగుతారు" అంది. నేను బయటికొచ్చి, "ఏమనుకోవద్దు తమ్ముడూ, శాకాహారులకే ఇస్తాం" అన్నాను.

ఆ నిమిషంలో మా వంటింట్లో కోడికూర ఉడుకుతోంది. ధనియాలు, ఎండుకొబ్బరి నూరి వేసిన మసాలా వాసన గేటు దాకా కొడుతోంది. ఆ అబ్బాయి వంటింటి కిటికీ వైపు చూసి, "కోడికూర కదా అన్నా?" అన్నాడు, తెలుగులోనే. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు, మామూలుగా అడిగాడు. నేను గేటు గొళ్లెం పట్టుకుని నిలబడిపోయాను. "సరే అన్నా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. రెండో అబ్బాయి మొదటినుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లకది మొదటి గేటు కాదని అప్పుడు అర్థమైంది.

అమ్మ మీద నెట్టేయడానికి చెప్పడం లేదు. అబద్ధం చెప్పింది నేను. పైగా ఆ గేటుకు అవతలివైపు నిలబడటమంటే ఏంటో నాకు తెలుసు. 2003లో చెన్నైలో ఉద్యోగం వచ్చినప్పుడు అంబత్తూర్‌లో గది కోసం నాలుగు రోజులు తిరిగాను. ఒకింటావిడ ఏ ఊరని అడిగింది. తిరుపతి అన్నాను. "గొల్టియా? వేండాం పా" అని తలుపేసుకుంది. తెలుగువాళ్లను వెక్కిరించడానికి అక్కడ వాడే మాట అది. ఆ రాత్రి లాడ్జిలో అన్నం కూడా సహించలేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ తలుపు చప్పుడు గుర్తుంది.

అదే చెన్నైలో తర్వాత నా రూమ్మేట్ వేలూరు అబ్బాయి. వాడు రోజుకు పదిసార్లు నన్ను గొల్టి అనేవాడు, నేను వాడిని అరవోడా అనేవాణ్ణి. ఏ రోజూ ఇద్దరికీ మనసు నొచ్చుకోలేదు. కాబట్టి సందర్భం ఉంటుంది, నిజమే. కానీ తేడా మాటలో లేదు, తిరిగి అనగలిగే చనువులో ఉంది. రూమ్మేట్‌ను నేను తిరిగి అనగలను. ఇంటావిడను అనలేను, ఆమె చేతిలో తాళంచెవి ఉంది. ఆ ఆదివారం తాళంచెవి నా చేతిలో ఉంది.

ఇప్పుడు క్రికెట్ సంగతి, ఎందుకంటే మనవాళ్ల రెండు నాల్కలు అక్కడ బాగా బయటపడతాయి. 2020 జూన్‌లో వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ ఒక విషయం చెప్పాడు. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడేటప్పుడు తననూ శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానూ 'కాలూ' (హిందీలో నల్లోడు) అని పిలిచేవారట. ఏదో బలమైన గుర్రం అని అర్థమనుకుని నవ్వుతూ ఉండేవాడట, అసలు అర్థం ఏళ్ల తర్వాత తెలిసింది. మా స్కూల్ బ్యాచ్ గ్రూపులో అప్పుడు ఒకటే మాట: "ప్రేమగా పిలిస్తే దీనికింత రాద్ధాంతమా?" తర్వాత ఒక సహచరుడు మాట్లాడి ప్రేమతోనే అన్నానని చెబితే సామీ నమ్మాడు కూడా. మంచిదే. కానీ నమ్మాలా వద్దా అన్నది సామీ తేల్చుకోవాల్సిన విషయం. మా గ్రూపు వాళ్లు ఆయన తరఫున ముందే తేల్చేశారు.

ఏడు నెలలు తిరిగేసరికి 2021 జనవరిలో సిడ్నీ టెస్టు వచ్చింది. బౌండరీ దగ్గర మన సిరాజ్‌ను ప్రేక్షకులు జాత్యహంకారంతో తిట్టారు. అతను అంపైర్లకు చెప్పాడు, ఆట ఆగింది, ఆరుగురిని స్టాండ్‌లోంచి బయటికి పంపారు. సిరీస్ మొదలు కాకముందే తండ్రిని పోగొట్టుకుని, ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయిన కుర్రాడు. నాకూ రక్తం మరిగింది. గ్రూపంతా ఆస్ట్రేలియాను కడిగేసింది. సందర్భం అన్నవాడు ఒక్కడు లేడు. తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా విచారణలో మన ఆటగాళ్లను తిట్టిన మాట నిజమేననీ, బయటికి పంపిన ఆ ఆరుగురు మాత్రం తిట్టినవాళ్లు కాదనీ తేలింది. అది గ్రూపులో పెట్టింది నేనొక్కడినే. "నువ్వు ఎవరి వైపు?" అని అడిగారు. న్యాయం మాట్లాడితే వైపు అడుగుతారు, అదీ మన పరిస్థితి.

అమెరికాలో బానిసత్వం నడిచింది, మనం ఎవరినీ అలా చేయలేదు కదా అంటారు. ఆ చరిత్ర బరువు వేరే, కాదనను. మా మేనమామను ఊరంతా నల్లోడు అనేవారు, ఆయనా పలికేవాడు. ఆ పిలుపునూ అమెరికాలో బానిసలను పిలిచిన పిలుపునూ ఒకే గాట కట్టను. అలాగని మన చేతులు శుభ్రమని కాదు. కాన్సాస్‌లో 2017 ఫిబ్రవరిలో "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపితే మనం ఏడ్చాం. నెల తిరిగేసరికి మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను గుంపులు గుంపులుగా పడి కొట్టారు. దానికి మన ఊళ్లో ఎంతమంది ఏడ్చారో మీరే చెప్పండి.

పెళ్లిచూపుల సంగతి వేరే చెప్పాలా? ఫెయిర్ అండ్ లవ్లీ పేరు 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. మా పిన్ని కూతురికి సంబంధాలు చూసేటప్పుడు మాత్రం మొదటి ప్రశ్న అదే: "అమ్మాయి రంగెట్లా?" డిగ్రీ గోల్డ్ మెడల్ గురించి అడిగినవాళ్లు లేరు.

ఆ టాంజానియా అబ్బాయిని ఆ తర్వాత ఒకసారి లీలామహల్ సర్కిల్ దగ్గర చూశాను. ఆటో కోసం నిలబడి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి "బాగున్నారా అన్నా" అన్నాడు. బాగున్నాను అన్నాను. క్షమించమని అడగాలనుకున్నాను, నోరు రాలేదు, ఆటో వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు. మా పై పోర్షన్‌లో అప్పటికే నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం చేరింది. ప్రతి ఆదివారం చేపల పులుసు చేస్తారు. అమ్మకు గిన్నెలో పెట్టి పంపిస్తారు.