పొడుగు ఇంగ్లీషు మాటలకు జడవకు బిడ్డా

బిడ్డా,

నీ మెసేజ్ చూశాను. నర్సింగులో చేరి నెల కూడా కాలేదు, అప్పుడే "పెద్దమ్మా ఈ పేర్లు నాతోటి కావు, ఇంటికొచ్చేస్తా" అంటే ఎట్ల? ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, మహబూబ్‌నగర్ పోయి ఒక్కసారే అనాటమీ పుస్తకం తెరిస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలు నవ్వుతున్నారని రాశావు, నవ్వనియ్యి. ఆ మాటలు వాళ్లకూ కొత్తవే, ఎందుకంటే వాటిలో చాలావరకు ఇంగ్లీషువి కావు, గ్రీకు, లాటిన్ ముక్కలు. వాళ్లకు నోరు తిరుగుతుంది, అంతే. అర్థం దగ్గర అందరూ సమానమే.

బట్టీ మాత్రం పట్టకు. చెరుకు గడను కణుపు కాడ విరిచి తింటాం కదా, ఈ మాటలనూ అట్లనే విరవాలి, అదీ చివరి ముక్క నుంచి మొదలుపెట్టి. రోగమా, ఆపరేషనా, పరీక్షా అన్నది తోకలోనే తెలుస్తుంది. డెంగీ సీజన్లో నీకు రోజూ కనబడే థ్రాంబోసైటోపీనియా తీసుకో. పీనియా అంటే తక్కువ పడటం, సైటో అంటే కణం, థ్రాంబో అంటే గడ్డకట్టడం. రక్తం గడ్డకట్టించే కణాలు తగ్గినయ్, అంటే ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే కింద పడ్డాయన్నమాట. ఇక ల్యూకోపీనియా నీకు ఎవరూ చెప్పక్కర్లేదు, ల్యూకో అంటే తెలుపు అని తెలిస్తే చాలు, తెల్ల రక్తకణాలు తగ్గినయ్ అని. ఓటోరైనోలారింగాలజీ అని బోర్డు చూసి బెదిరిపోయావట, ఓటో చెవి, రైనో ముక్కు, లారింగో గొంతు, లోజీ శాస్త్రం, అది మన ఈఎన్‌టీనే.

ఓసిస్, అంటే రోగపు స్థితి, ఆ తోక మన నల్లగొండ జిల్లాకు బాగా తెలుసు. మర్రిగూడ, చండూరు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన వాళ్లను నువ్వూ చూశావు, కేసు షీటులో దాన్ని స్కెలిటల్ ఫ్లోరోసిస్ అంటారు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండొద్దు. దాన్ని తీసెయ్యడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పుస్తకాల్లోనే ఉంది, నీ కమ్యూనిటీ హెల్త్ పేపరులో వస్తే వదలకు. రాయి కొట్టే పనికి వలసపోయిన పాలమూరు కూలీలకు ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని వచ్చేది సిలికోసిస్, అదీ ఈ తోకదే. ఫోన్లో తిరుగుతుంటుందే, అన్నిటికంటే పొడుగు మాటని, న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కానోకోనియోసిస్, ఇంగ్లీషులో 45 అక్షరాలది. అది 1935లో అమెరికాలో పజిళ్ల సంఘం పెద్ద ఒకాయన కావాలని అల్లిన మాట, విరిచి చూస్తే మళ్లీ సన్నటి రాతిదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల రోగమే. పరీక్షలో రాదు, డ్యూటీలో అసలే రాదు. పక్కపిల్ల అది చెప్పి గొప్పలు పోతే చెప్పుకోనీ.

నిజంగా భయపడాల్సినవి పొడుగు మాటలు కావు, ఒకేలా వినబడేవి. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. హైపోగ్లైసీమియా అంటే షుగర్ 70 కంటే కింద పడిపోవడం, చెమటలు, వణుకు, మాట తడబడటం. స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే గ్లూకోజో చక్కెర నీళ్లో తాగించాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. నైట్ డ్యూటీలో ఫోన్లో ఎవరైనా హైపో అన్నట్టు, హైపర్ అన్నట్టు గొణిగితే "సార్, తక్కువా ఎక్కువా" అని తెలుగులోనే అడుగు, విసుక్కుంటే విసుక్కోనీ. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్ఫేసియా అంటే మాట సరిగా రాకపోవడం, పక్షవాతం పేషెంటుకు రెండూ ఉండొచ్చు, ఒకటి రాయబోయి ఇంకొకటి రాస్తే ఆ మనిషికి అన్నం పెట్టాలా వద్దా అన్నదే మారిపోతుంది. ఆపరేషన్ పేర్లలో టమీ అంటే కోత, ఎక్టమీ అంటే కోసి తీసెయ్యడం, ఆస్టమీ అంటే రంధ్రం పెట్టడం. కన్సెంట్ ఫారం మీద వేలిముద్ర వేయించేటప్పుడు ఈ మూడింట్లో ఏదో నీకు తెలియకపోతే ఎట్ల?

ఇక చిన్న చిన్న ఇంగ్లీషు మాటలున్నాయి చూడు, అవే జనాన్ని ఎక్కువ ఏడిపిస్తాయి. స్కానింగ్ రిపోర్టులో గాల్ బ్లాడర్ అన్‌రిమార్కబుల్ అని ఉంటే, ఒక పెద్దాయన ఆ కాగితాన్ని పాలిథిన్ కవర్లో మడిచి పెట్టుకుని వార్డు గుమ్మం కాడ పొద్దంతా కూర్చున్నాడు, మనవడు ఫోన్లో వెతికి ఏదో చెప్పాడట, పిత్తాశయం పనికిరాకుండా పోయిందనుకున్నాడు. చెప్పుకోదగ్గ లోపమేమీ లేదని దానర్థం. రూల్ ఔట్ టీబీ అని రాస్తే టీబీ ఉందని కాదు, లేదని తేల్చుకోవడానికి పరీక్ష చెయ్యమని. పాత డాక్టర్లు పేషెంటు బెదరొద్దని టీబీకి బదులు కాక్స్ అని రాసేవాళ్లు, 1882లో ఆ క్రిమిని బయటపెట్టిన రాబర్ట్ కాక్ పేరు మీద. కుష్టుకు హాన్సెన్స్ అంటారు. ఈ పేర్లు వార్డులో గట్టిగా అరిచి చదవకు, అందరూ అడిగి తెలుసుకుంటారు.

నిల్ బై మౌత్, అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని, దాని సంగతి కూడా రాస్తా. "పొద్దున ఆపరేషన్ ఉంది, ఏమీ పెట్టకండి" అంటే మన జనం అన్నం పెట్టరు, కానీ చాయ్ తాగిస్తారు, చాయ్ తిండి కాదు కదా అని. థియేటర్ కాడికి పోయాక "ఏమన్నా తాగావా" అంటే "ఏం లేదమ్మా, ఒక్క చాయ్" అంటారు, ఆపరేషన్ వాయిదా. అందుకే నువ్వు చెప్పేటప్పుడు "నీళ్లొద్దు, చాయ్ వద్దు, పాలొద్దు" అని పేరుపేరునా చెప్పు, తిరిగి వాళ్లతో చెప్పించుకో. నీ షీటులో ఇంగ్లీషు ఎంతుంటే అంత ఉండనీ, వాళ్ల చెవిలో మాత్రం మనూరి మాట పడాలి.

మందుల చీటీలో బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే, స్టాట్ అంటే ఇప్పుడే, అవి వారంలో అలవాటైపోతాయి, వాటి గురించి టెన్షన్ పడకు.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కో. ఎడమ పక్క ముక్కలు, కుడి పక్క తెలుగు అర్థం, కింద ఆ రోజు వార్డులో ఆ మాట ఏ పేషెంటు దగ్గర విన్నావో, పేరు వద్దు, మంచం నెంబరు చాలు. రోజుకు అయిదు మాటలు దాటకు. దసరాకు వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తెచ్చుకో, బతుకమ్మ పేర్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతా. మీ అమ్మకు ఈ ఏడుపు సంగతి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మీ పెద్దమ్మ