డబ్బు కట్టినా కార్డు ఎందుకు చెల్లలేదు?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు గుండు, బద్ద వేరు చేసి పావుకిలో, అరకిలో ప్యాకెట్లుగా అమ్ముతాం. నా క్రెడిట్ కార్డు లిమిట్ 60,000 రూపాయలు. ఈసారి బిల్లు 41,300 వచ్చింది. గడువుకు నాలుగు రోజుల ముందే, శనివారం రాత్రి, వేరే బ్యాంకులోని నా ఖాతా నుంచి ఫోనులో మొత్తం కట్టేశాను. ఖాతాలో డబ్బు అప్పటికప్పుడే తగ్గింది. ఆదివారం శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర 28,000 రూపాయలకు ప్యాకెట్లు అతికించే యంత్రం బేరమాడి కార్డు ఇస్తే చెల్లలేదు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. మళ్లీ ఇంకోసారి కడదామని మావారు అన్నారు, నేను వద్దన్నాను. సోమవారం సాయంత్రానికి లిమిట్ పెరిగింది. కానీ బిల్లు తర్వాత నేను వాడింది 6,200 మాత్రమే కనుక 53,800 ఉండాలి, 48,800 చూపిస్తోంది. గత వారం విశాఖలో లాడ్జిలో దిగినప్పుడు కార్డు గీశారు గానీ, అద్దె యూపీఐలో కట్టాం కాబట్టి అది లెక్కలోకి రాదు. మరి ఆ ఐదు వేలు ఏమయ్యాయి?
- ఒక పాఠకురాలు, పలాస

జవాబు: రెండోసారి కట్టకుండా ఆపి మంచి పని చేశారమ్మా. కట్టి ఉంటే 41,300 కార్డు ఖాతాలో అదనపు జమగా పడి ఉండేది. అది మీ డబ్బే, అడిగితే వెనక్కి ఇస్తారు. అయితే అడగాలి, తిరగాలి. పప్పు కొనుగోళ్ల సమయంలో చేతిలో ఉండాల్సిన సొమ్ము అక్కడ ఇరుక్కుపోయేది.

బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నన్నాళ్లూ నేను విన్న ఫిర్యాదే ఇది: ‘ఇక్కడ తగ్గింది, అక్కడ ఎందుకు పెరగలేదు?’ మీ ఖాతాలో తగ్గించేది ఒక బ్యాంకు, కార్డు పద్దులో జమ రాసేది మరో బ్యాంకు. మధ్యలో బిల్లు చెల్లింపుల వ్యవస్థ ఉంది. కట్టారన్న కబురు క్షణాల్లో చేరుతుంది. సొమ్ము లెక్క మాత్రం బ్యాంకుల మధ్య విడిగా తేలుతుంది. కబురు అందగానే లిమిట్ తెరిచే బ్యాంకులు ఉన్నాయి, పద్దులో జమ పడేదాకా తెరవనివీ ఉన్నాయి. మీది రెండో రకంలా ఉంది. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్ (ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతి) ఆదివారం కూడా అరగంటకోసారి నడుస్తోంది, నిజమే. కానీ డబ్బు బ్యాంకు గుమ్మం దాకా రావడం వేరు, మీ కార్డు పద్దులోకి ఎక్కడం వేరు. అందుకు ఒకటి నుంచి మూడు పనిదినాలు పట్టవచ్చు. చెక్కు వేస్తే అది చెల్లిందని తేలేదాకా ఆగాలి.

ఆదివారం దుకాణంలో కార్డు ఇచ్చినప్పుడు మీ కార్డు బ్యాంకుకు కనిపించిన లెక్క చూడండి. 60,000లో పాత బిల్లు 41,300, కొత్త ఖర్చు 6,200, మీరు అడిగిన ఆ 5,000 (దాని సంగతి చివర చెబుతాను) పోగా మిగిలింది 7,500. అందులో 28,000 ఎలా పడుతుంది? మీ స్పష్టమైన అనుమతి లేకుండా లిమిట్ దాటనివ్వకూడదని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లోనే ఉంది. నలుగురిలో చిన్నతనం అనిపించినా, ఆ నిబంధన మిమ్మల్ని కాపాడేదే.

గడువు గురించి బెంగ వద్దు. నాలుగు రోజుల ముందు కట్టారు, సోమవారానికి జమ పడింది. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలన్న నియమమూ ఉంది. అయితే దాన్ని నమ్ముకుని ఆఖరి రోజు దాకా ఆగే వాళ్లంటే నాకు గిట్టదు. ఆ వెసులుబాటు రుసుముకే గానీ వడ్డీకి కాదు. యంత్రం లాంటి పెద్ద కొనుగోలు ఉంటే మూడు పనిదినాల ముందే బిల్లు కట్టి, బయలుదేరే ముందు యాప్‌లో ‘అందుబాటులో ఉన్న లిమిట్’ చూసుకోండి. ‘చెల్లింపు విజయవంతం’ అన్న సందేశం ఒక్కదాన్నే చూసి బస్సెక్కవద్దు. లావాదేవీ నంబరు దాచుకోండి. మూడు పనిదినాలైనా జమ పడకపోతే బ్యాంకు మొదట అడిగేది అదే.

ఇక ఐదు వేలు. లెక్కలోకి రాదన్నారే, అదే వచ్చింది. దిగేటప్పుడు లాడ్జి వాళ్లు గీసింది అద్దె కాదు, డిపాజిట్. ఆ మేరకు లిమిట్‌ను పక్కన పెట్టి ఉంచుతారు. బిల్లులో కనిపించదు, వాడుకోవడానికీ ఉండదు. అద్దె అదే కార్డు మీద తీసుకుని ఉంటే అందులో సర్దుబాటయ్యేది. మీరు యూపీఐలో కట్టారు, వాళ్లు ఆ డిపాజిట్‌ను రద్దు చేయడం మరిచిపోయినట్టున్నారు. లాడ్జికి ఫోను చేసి, కార్డు చివరి నాలుగు అంకెలు, తేదీ చెప్పి విడుదల చేయమనండి. పూర్తి నంబరు, పిన్, ఓటీపీ ఎవరడిగినా చెప్పవద్దు. వాళ్లు పట్టించుకోకపోయినా కొన్నాళ్లకు గడువు తీరి దానంతటదే విడిపోతుంది. ఒకవేళ ఆ 5,000 వచ్చే బిల్లులో ఖర్చుగా పడితే మాత్రం ఊరుకోకండి. అద్దె కట్టిన యూపీఐ రశీదు జతచేసి కార్డు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుమేమీ లేదు.