మూడు వంటలు వద్దు, ఒక్క వంటనే ముగ్గురికీ పంచండి

ప్రశ్న: మేము తిరుపతిలో ఉంటాము. నా పుట్టిల్లు నెల్లూరు. ఒక ప్రైవేటు కళాశాలలో పనిచేస్తున్నాను. రెండేళ్ళ కిందట మా అత్తమామలు పుంగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. అత్తగారికి షుగరు, మామగారికి బీపీ ఉన్నాయి. ఆరేళ్ళ మా పాప కారం తగిలితే ముద్ద మింగదు. సాయంత్రం ఇల్లు చేరగానే ముగ్గురికి మూడు రకాలు వండుతున్నాను. పని తేలికవుతుందని ఫోనులో వీడియోలు చూసి వండితే, ‘ఇది మన ఇంటి వంట కాదు’ అని అత్తగారు కంచం పక్కకు జరుపుతారు. పోయిన నెల అలాగే చూసి రాగి సంగటి చేస్తే ఉండలు కట్టింది. మామగారు ఏమీ అనకుండా మజ్జిగ పోసుకుని తిన్నారు. అత్తగారు మాత్రం పక్కింటివాళ్ళకు చెప్పి నవ్వారు. ‘మా అమ్మను అడిగి చెయ్యకూడదా’ అని నా భర్త విసుక్కుంటారు. ఆయన రాత్రి తొమ్మిదిన్నరకు వస్తే గాని అత్తగారు తినరు. ఈమధ్య వంటగదిలోకి వెళ్ళాలంటేనే ఏడుపు వస్తోంది. (పేరు రాయవద్దన్నారు, తిరుపతి)

జవాబు: అమ్మా, ముందుగా ఆ సంగటి సంగతే తేల్చుకుందాం, ఎందుకంటే మీ బాధంతా దాని దగ్గరే ముడిపడి ఉన్నట్టు నాకు అనిపించింది. మీరు చూసిన వీడియో బహుశా కర్ణాటక వైపు ముద్దది అయి ఉంటుంది. అక్కడ మరిగే నీళ్ళలో వట్టి రాగిపిండి వేసి ముద్ద చేస్తారు. మన చిత్తూరు వైపు సంగటిలో బియ్యం పడాలి. నానిన బియ్యాన్ని ఎక్కువ నీళ్ళలో మెత్తగా, జారుగా ఉడికించి, దాని మీద రాగిపిండిని గుట్టగా పోసి, కలపకుండా, తెడ్డు కొసతో నడుమ ఒక గుంట చేసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేస్తారు. కింది నుంచి వచ్చే ఆవిరికి పిండి మగ్గిన తరువాతనే గిన్నెను కదలకుండా పట్టుకుని బలంగా గెలుకుతారు. పిండి మగ్గకముందే కలిపితే ఎంత చేయి తిరిగినవారికైనా ఉండలు కడతాయి. ఒక వంతు బియ్యానికి రెండు వంతుల పిండి అన్నది చాలా ఇళ్ళలో లెక్క, మీ అత్తగారి లెక్క వేరుగా ఉండవచ్చు. నెల్లూరులో అన్నం, చేపల పులుసు చూసి పెరిగిన మీకు ఇది తెలియకపోవడం తప్పు కాదు. ఇంట్లో తెలిసినవారు ఉండి కూడా చెప్పకపోవడమే నాకు తప్పుగా తోస్తోంది.

అయితే ఆమె ఎందుకు చెప్పలేదో కూడా ఆలోచించండి. పల్లెలో సొంత పొయ్యి దగ్గర తన మాటకు ఎదురులేకుండా బతికిన మనిషి, ఇప్పుడు కొడుకు ఇంట్లో, ‘అది తినకూడదు, ఇది తినకూడదు’ అనిపించుకుంటూ, కోడలు తనను అడగకుండా ఫోనును అడిగి వండుతుంటే చూస్తూ కూర్చుంటున్నారు. ఆమె పక్కకు జరిపేది మీ వంటను కాదని, ఆ ఫోనును అని నా అనుమానం. ఇలా అన్నంత మాత్రాన పక్కింట్లో నవ్వడాన్ని నేను సమర్థించడం లేదు. ఎవరూ లేనప్పుడు, వంట జరగని వేళలో, ‘అత్తమ్మా, వంట బాగా లేకపోతే నాతో చెప్పండి, బయట చెబితే నాకు చిన్నతనంగా ఉంటుంది’ అని ఒక్కసారి నిదానంగా చెప్పండి. పాత సంగతులన్నీ తవ్వవద్దు.

ఇక ముగ్గురికి మూడు వంటలు. ఇది వెంటనే మానవలసిన పని. వీడియోలో చూసిన వంటను మన ఇంటికి మలచుకోవడమంటే మూడుసార్లు వండడం కాదు, ఒకే గిన్నెలో వండుతూ ఎక్కడ ఆగి ఎవరి వాటా తీయాలో తెలుసుకోవడం. ఆకుకూర పప్పునే తీసుకోండి. కందిపప్పు, టమాటా, తోటకూర, పసుపు వేసి, ఉప్పూ కారమూ లేకుండా కుక్కరులో ఉడికించి, పప్పుగుత్తితో ఎనపండి. అందులోంచి ముందు పాప గిన్నెలోకి రెండు గరిటెలు తీసి, చిటికెడు ఉప్పు, ఒక చెంచా నెయ్యి వేయండి. మిగిలినదానికి మీరు మామూలుగా వేసే ఉప్పులో సగమే వేసి, చింతపండు రసం పోసి, మామగారికి, అత్తగారికి సరిపడా తీయండి. చివర మిగిలిన దాంట్లోనే మీ ఇద్దరికీ తగినంత ఉప్పు, కారం కలపండి. తాలింపు మాత్రం ఒక్కటే. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు వేగాక దాన్ని మూడు గిన్నెలకూ పంచి, ఆ గరిటెలోనే మిగిలిన నూనెలో ఎండుమిరపకాయలు వేయించి పెద్దవాళ్ళ గిన్నెల్లో వేయండి. పొయ్యి దగ్గర అదనంగా పట్టేది అయిదు నిమిషాలు. చెనక్కాయల ఊరిబిండికీ, అంటే వేరుశనగ పచ్చడికీ, ఇదే పద్ధతి, మిరపకాయలను విడిగా నూరుకుంటే చాలు. పులుసుకూరలకు ఇది అంత సులువు కాదు, కాబట్టి వాటిని సెలవు రోజుకు ఉంచుకోండి.

ఇద్దరికని చెప్పిన కొలతలను అయిదుగురికి పెంచేటప్పుడు అన్నింటినీ రెండున్నర రెట్లు చేయకండి. పప్పు, కూరలు ఆ లెక్కన పెరుగుతాయి గాని తాలింపు నూనె అంత అక్కరలేదు, కారమైతే తక్కువ వేసి రుచి చూసి కలపడమే మేలు. కుక్కరులో పప్పు, నీళ్ళు కలిపి సగానికి మించకూడదు. పప్పు నురగ పైకి పొంగి ఆవిరి దారిని మూసే ప్రమాదం ఉంది.

మామగారి ఉప్పు గురించి ఒక మాట. పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీ చెంచా ఉప్పుతో సరిపెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు పప్పులో ఎంత తగ్గించినా, కంచంలో ఊరగాయ, అప్పడం ఉంటే ఆ లెక్క నిలవదు. బజారులో తక్కువ సోడియం ఉప్పు అని దొరికేదాన్ని వైద్యుణ్ణి అడగకుండా తేవద్దు. అందులో పొటాషియం ఉంటుంది, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారికి అది హాని చేయవచ్చు.

అత్తగారికి సంగటి పెట్టవచ్చా అని మీరు అడగలేదు గాని, ఆ ఇంట్లో ఆ ప్రశ్న రాకుండా ఉండదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది, పీచూ ఉంటుంది. అలాగని షుగరు ఉన్నవారు ఎంతైనా తినవచ్చనుకోవడం పొరపాటు. సంగటి కూడా పిండిపదార్థమే, పైగా అందులో బియ్యం ఉంది. చిన్న ముద్ద, దానికి రెండింతలు ఆకుకూర, పప్పు అన్నది మంచి పద్ధతి. ముద్ద ఎంత ఉండాలో ఆమె వైద్యుడే చెప్పాలి. అంతకన్నా నన్ను కలవరపెట్టినది తొమ్మిదిన్నర భోజనం. షుగరుకు వాడే కొన్ని మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకుని భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. ఆమె ఏ మందు వాడుతున్నారో చూసి, భోజనం వేళ గురించి వైద్యుణ్ణి ఈ వారంలోనే అడగండి.

ఆ సంగతి ఆమెకు చెప్పవలసింది మీరు కాదు, మీ భర్త. ‘నువ్వు ఎనిమిదికే తినమ్మా, నేను వచ్చాక పక్కన కూర్చో’ అని కొడుకు అంటే ఆమె వింటారు, మీరంటే అది ఇంకో నిషేధమవుతుంది. ‘మా అమ్మను అడిగి చెయ్యకూడదా’ అన్న సలహా మంచిదే, కాని ఇచ్చిన తీరు బాగాలేదు. అడిగే వాతావరణం ఇంట్లో కల్పించవలసిన బాధ్యత ఆయనకూ ఉంది. సెలవు రోజున ఆకుకూర వలిచి, పాపకు అన్నం తినిపించే పని ఆయనకు అప్పగించండి. ఇది ప్రాధేయపడి అడగవలసిన విషయం కాదు.

వచ్చే ఆదివారం సంగటి మళ్ళీ చేయండి. ఫోను హాల్లోనే ఉంచి, పొయ్యి పక్కన కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టండి. ఆమె పిండి కొలిచేది గుప్పెళ్ళతో అయితే, ప్రతి గుప్పెడునూ మీ స్టీలు గ్లాసులోకి పోయించుకుని లెక్క ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. గెలకడం మాత్రం మీరే చేయండి, రెండేళ్ళుగా తెడ్డు పట్టని ఆమెకు అంత బలం ఉండకపోవచ్చు. మొదటి ముద్దకు ఉండలు కట్టినా కట్టనీయండి, ఈసారి మామగారి కంచంలో మజ్జిగ పోసేది ఆమే అవుతారు.