షుగర్ పుండుకు సొంత రక్తంతో వైద్యం: మా నాన్నగారి అనుభవం

మీ మామగారి అరికాలి పుండు మూడు నెలలుగా మానడం లేదని, ఆయన రక్తంలోని ప్లేట్‌లెట్లనే తీసి పుండు మీద వేస్తామని ఒక క్లినిక్‌లో చెప్పారని, అది నిజంగా పనిచేస్తుందా అని అడిగారు. నేను వైద్యుడిని కాను. నాలుగేళ్ల క్రితం మా నాన్నగారికి ఇదే పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే రక్తద్రవంతో వైద్యం) చేయించిన అనుభవంతో రాస్తున్నాను.

నాన్నగారి బొటనవేలి మొదట్లో ఉన్న పుండుకు వారానికొకటి చొప్పున ఆరుసార్లు చేశారు. చేతి నుంచి తీసిన రక్తాన్ని యంత్రంలో గిరగిరా తిప్పితే ఎర్ర కణాలు అడుగుకు దిగి, పైన లేత పసుపు ద్రవం తేలేది. దాన్ని పుండు మీద వేసి కట్టు కట్టేవారు. రెండున్నర నెలలకు పుండు మూసుకుంది. రక్తమే మాన్పిందని చుట్టాలందరికీ చెప్పుకున్నాము. అయితే మొదటి కట్టు నాడే ఆ కాలు మోపవద్దని చెప్పి, వారం వారం మార్చే పిండికట్టు కూడా వేశారు. అంతకుముందు ఆయన ఆ పుండుతోనే, అరిగిన హవాయి చెప్పులతో, రోజూ పాలకేంద్రం దాకా నడిచి వెళ్లేవారు. మాన్పింది రక్తమో, నడక మానడమో నేను ఇప్పటికీ చెప్పలేను.

ఈ చిక్కు విడదీసేలా జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2018లో లాన్సెట్ వారి మధుమేహ పత్రికలో వచ్చాయి. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలోని 32 కేంద్రాల్లో మొదటి నాలుగు వారాలు అందరికీ మామూలు వైద్యమే చేసి, ఆలోపే పుండు సగానికి తగ్గినవారిని పక్కన పెట్టి, మిగిలినవారిని చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మామూలు వైద్యంతో పాటు వాళ్ల సొంత రక్తంతో చేసిన బిళ్లను పుండు మీద వేశారు, రెండో జట్టుకు మామూలు వైద్యమే కొనసాగించారు. పుండు మానిందో లేదో తేల్చినవారికి ఎవరిది ఏ జట్టో తెలియదు. ఇరవై వారాల్లో రక్తపు బిళ్ల వేసిన 132 మందిలో 45 మందికి, వేయని 134 మందిలో 29 మందికి మానింది. లాభం ఉంది, కానీ బిళ్ల వేసినా మూడింట రెండు వంతుల మందికి ఆ గడువులో మానలేదు. పైగా అది 18 మిల్లీలీటర్ల రక్తం నుంచి, ఏ మందూ కలపకుండా, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్‌తో (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పీచులాంటి పదార్థం) తయారైన బిళ్ల. మా నాన్నగారికి వేసిన ద్రవం అది కాదు. పేరు ఒకటే అనిపించినా ఒకదాని ఫలితం ఇంకొకదానికి అంటగట్టలేము.

అందువల్ల ముందుగా కాలికి రక్తప్రసరణ ఎలా ఉందో, ఎముకకు చీము పట్టిందేమో చూపించి, పుండు మీద బరువు పడకుండా ఏర్పాటు చేయించండి. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు శుభ్రమైన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఆనించి, మార్కర్‌తో పుండు అంచు గీసి, తేదీ వేసి ఇమ్మని నర్సుగారిని అడగండి. నాలుగు వారాల గీతలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు పుండు సగానికి కూడా తగ్గకపోతే, ఆ కాగితాలు తీసుకెళ్లి క్లినిక్ వారితో ఖర్చు సంగతి మాట్లాడండి.