సమాధానం: ఒకే శిలాద్రవం నుంచి బసాల్ట్, గ్రానైట్ రెండూ ఎలా వచ్చాయి?

భూపటలం (భూమి పైనున్న గట్టి రాతి పొర) అంతా ఒకేసారి గడ్డకట్టిందని అనుకోవడం వల్లే ఈ చిక్కు. తొలినాటి భూమిని కప్పిన కరిగిన రాయి గురించి మీ ప్రశ్నలో "శిలాద్రవ సముద్రం చల్లబడితే అంతటా ఒకే రాయి ఉండాలి కదా" అన్నారు. ఆ మొదటి పొర ఇప్పుడు దాదాపు మిగల్లేదు. ఇప్పుడున్నది తర్వాత దశలవారీగా తయారైంది.

1. మాంటిల్ (పటలం కింద ఉండే మందపాటి రాతి పొర) రాయిలో సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం) సుమారు 45 శాతం. అది పైకి లేచేకొద్దీ ఒత్తిడి తగ్గి కరగడం మొదలవుతుంది.

2. చాలామంది దాటేసే మెట్టు ఇదే: రాయి మొత్తం కరగదు, కొంత భాగమే కరుగుతుంది. తేలిగ్గా కరిగేవి ముందు ద్రవంలోకి వస్తాయి. అందుకే ఆ ద్రవంలో సిలికా అసలు రాయిలో కంటే ఎక్కువ, సుమారు 50 శాతం. అది గడ్డకడితే బసాల్ట్, అంటే సముద్రాల అడుగున 6–7 కి.మీ. మందాన ఉండే పటలం. పూర్తిగా కరిగి ఉంటే మాంటిల్ రాయే మళ్లీ వచ్చేది! ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

3. నీరు పట్టిన బసాల్ట్ లోతుకు చేరితే తక్కువ వేడికే కరుగుతుంది. మళ్లీ పాక్షికంగానే. సిలికా 70 శాతం దాకా చేరి గ్రానైట్ తరహా రాళ్లు వస్తాయి. ఇవి తేలిక, మాంటిల్‌లోకి సులువుగా దిగవు.

తొలినాళ్లలో ఆ బసాల్ట్ పలకలుగా కిందికి దిగిందా, మందపాటి పొర అడుగునే కరిగిందా అన్నదే గ్రానైట్ తరహా రాళ్ల పుట్టుకను వివరించే సిద్ధాంతాల మధ్య అసలు వాదన. 2వ మెట్టు రెండింటికీ ఉమ్మడి.

వయసుల తేడా కూడా ఇందువల్లే, బసాల్ట్ పటలం మళ్లీ మాంటిల్‌లోకి దిగిపోతుంది, తేలికైన గ్రానైట్ తరహా రాళ్లు పైనే మిగులుతాయి: సముద్ర పటలం చాలావరకు 20 కోట్ల ఏళ్ల లోపుది, పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ జిర్కాన్లలో (గ్రానైట్ తరహా రాళ్లలో ఏర్పడే, చాలాకాలం నిలిచే చిన్న ఖనిజ రేణువులు) కొన్ని దాదాపు 440 కోట్ల ఏళ్లవి.