సీటు బిగించే ముందు

విజయనగరం

చిరంజీవి అమ్మలుకు మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

విశాఖలో ఎవరి దగ్గరో సీటు లేని పాత గోకార్ట్, అదే నేలబారు చిన్న పందెం బండి, ఒకటి కొని, వ్యానులో వేయించి రాజాం తెచ్చుకున్నావని, సీటు నీ చేతులతోనే బిగించి ఈ సీజను ధాన్యం ఎత్తేశాక మిల్లు కళ్లంలో తోలతానంటున్నావని మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమెకు కోపం, వింటున్నంతసేపూ నాకు లోలోపల నవ్వు. మన ఇళ్లలో ఆడపిల్ల స్పానరు పట్టడం ఇదే మొదలు. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఇంజను, బ్రేకు నువ్వు చూసుకోగలవు, చదువుతున్నదే ఆ చదువు. సీటు అనేసరికి కూర్చునే కుర్చీయే కదా అనుకుంటావేమోనని నా దిగులు.

స్కూటరుకు ఉన్నట్టు ఈ బండికి స్ప్రింగులు, షాకబ్జార్బర్లు ఉండవు. వెనుక చక్రాలు రెండూ ఒకే యాక్సిల్‌కు బిగిసి ఉంటాయి, మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కారుకు ఉన్నట్టు దీనికి ఉండదు. అందువల్ల మలుపులో లోపలివైపు వెనుక చక్రం రవ్వంత తేలితే తప్ప బండి సాఫీగా తిరగదు. అది తేలాలంటే ఫ్రేము కొంచెం మెలిపడాలి, నీ బరువు బయటివైపు చక్రాల మీద పడాలి, ఆ బరువును నీ ఒంటి నుంచి ఇనుముకు అందించేది సీటే. 1956లో అమెరికాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రం ఇంజను పెట్టి మొట్టమొదటి కార్టును చేసినప్పుడు సీటును గురించి ఇంత ఆలోచించి ఉండడు. ఆ తరువాత వచ్చిన వాళ్లందరూ ఆలోచించవలసి వచ్చింది.

మీ అమ్మ బెల్టు పెట్టించమని పట్టుబడుతోంది. తల మీదుగా ఇనుప పంజరం ఉన్న బండికి బెల్టు ఉండి తీరాలి. నువ్వు పంపిన ఫోటోలో పంజరం లేదు. అటువంటి బండికి బెల్టు పెడితే, బోల్తా పడినప్పుడు అది నిన్ను దాని కిందే పట్టి ఉంచుతుంది. పందెం కార్టులకు బెల్టులు లేకపోవడానికి కారణం ఇదే. అంటే నిన్ను బండిలో పట్టి ఉంచవలసినది ఆ ఫైబర్ గ్లాస్ సీటు ఒక్కటే, దానిని పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు.

సీటును అంకె చూసి కొనవద్దు, కూర్చుని చూసి కొను. ఒక్కో తయారీదారుకు ఒక్కో కొలత ఉంటుంది. తుంటి దగ్గర బిగువుగా పట్టాలి, అటూ ఇటూ కదిలితే చెయ్యి కూడా దూరకూడదు, అలాగని ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మీద అంచు నొక్కకూడదు. పక్కటెముకలకు కట్టుకునే కవచం దొరుకుతుంది, అది కూడా తీసుకో, డబ్బు నేను ఇస్తాను.

ఇక సీటును ఎక్కడ పెట్టాలన్నది. బ్రేకు పూర్తిగా నొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి, వీపు సీటుకు ఆనించి స్టీరింగు పట్టుకుంటే మోచేతులు కూడా వంగి ఉండాలి. ఇంజను కుడివైపు ఉంది కాబట్టి సీటు మధ్యగీతకు కొంచెం ఎడమగా వస్తుంది, వంకర పోయిందని కంగారు పడకు. సీటు అడుగు, ఫ్రేము గొట్టాల అడుగుకంటే కిందికి దిగకూడదు. మీ కళ్లంలో సిమెంటు పలకల అతుకులు లేచి ఉంటాయి, మొదటి రోజే గీరుకుంటుంది.

బరువు చూడడానికి నీకున్నంత సౌకర్యం, ఒకప్పుడు నేను కార్టులు చేసిన కోయంబత్తూరు షెడ్డులో మాకు కూడా లేదు. బస్తాలు తూచే కాటా మీ ఇంట్లోనే ఉంది. ముందు చక్రాలను కాటా మీద పెట్టి, వెనుక చక్రాల కింద అంతే ఎత్తుగా చెక్కలు వేసి, హెల్మెట్‌తో సహా నువ్వు కూర్చుని తూయించు. తరువాత వెనుక చక్రాలను అలాగే తూయించు. నూటికి 43 పాళ్లు ముందు, 57 వెనుక ఉంటే మొదలుపెట్టడానికి చాలు. నీతో కలిపి 150 కిలోలైతే ముందు 64, 65 దగ్గర రావాలి. సీటును ఒక్క అంగుళం జరిపినా కాటా చెబుతుంది. ఈ పని అంతా సీటుకు ఒక్క రంధ్రం కూడా పడకముందే, తాళ్లతో, చెక్కముక్కలతో నిలబెట్టి చెయ్యాలి.

రంధ్రం వేసేచోట టేపు అంటించు. ముందు సన్నని బిట్టుతో, ఆ తరువాత 8 మిల్లీమీటర్ల బిట్టుతో, నెమ్మదిగా వెయ్యి. మూతికి మాస్కు, కంటికి అద్దాలు పెట్టుకో. ఆ పొడి దూలగొండి కన్నా దురద, మూడు రోజులు వదలదు. బోల్టు తల లోపలికి ఉండాలి, దాని కింద వెడల్పాటి వాషరు వేసి, బయట నైలాక్ నట్టు, అంటే అదురుకు వదులు కాకుండా లోపల నైలాన్ చుట్టు ఉండే నట్టు, బిగించాలి.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిన సంగతికి వస్తాను. మీ అమ్మకు కూడా ఇది తెలియదు.

2003లో కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే అనే పందెం ట్రాకు తెరిచారు. ఆ మరుసటి సంవత్సరం నేను అక్కడికి పనికి వెళ్లాను. ఊరి చివర ఒక రేకుల షెడ్డులో కార్టులు చేసేవారు, నేను ఫిట్టరును. ఒక శుక్రవారం సాయంత్రం ఒక బండికి సీటు బిగిస్తున్నాను. మూడు బోల్టులు చక్కగా కూర్చున్నాయి. నాలుగోది, ఎడమవైపు పైది, దగ్గరికి వచ్చేసరికి సీటుకూ, ఫ్రేము నుంచి సీటును పట్టి ఉంచే ఇనుప కమ్మీకీ (దాన్నే స్టే అంటారు) మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. అక్కడ ప్యాకింగ్ వెయ్యాలి, లేదా స్టేను వంచి సీటు దగ్గరికి తేవాలి. ఈ రెండూ నాకు తెలియనివి కావు. డబ్బాలో ఆ సందులో వేసే స్పేసర్లు అయిపోయాయి, దుకాణం కట్టేశారు, బండి తెల్లవారి అప్పగించాలి. నేను పొడుగు బోల్టు ఒకటి వెతికి తెచ్చి, దానితోనే సీటును స్టే దగ్గరికి లాగాను. చివరి రెండు చుట్లలో చిటుక్కుమని ఒక చప్పుడు వచ్చింది.

ఆ చప్పుడు నేను విన్నాను. విప్పి చూసి ఉంటే వాషరు కింద వెంట్రుకవాసి పగులు కనబడి ఉండేది. రంగు పెళ్లలు ఊడి ఉంటాయిలే అని నాకు నేనే చెప్పుకుని, చేతులు కడుక్కుని, భోజనానికి వెళ్లిపోయాను.

మర్నాడు షెడ్డు వెనుక మైదానంలో బండిని చూడడానికి మా తోటి కుర్రవాడు ఎక్కాడు. ఇరవై ఏళ్లుంటాయి, నన్ను అన్నా అని పిలిచేవాడు. మూడో చుట్టులో కుడివైపు తిరిగాడు. కుడికి తిరిగినప్పుడు మనిషి బరువంతా ఎడమకు పడుతుంది. ఆ బోల్టు దగ్గర సీటు చిరిగిపోయింది. వాడు సగం బయటికి ఒరిగి, ఎడమ వెనుక చక్రానికి రాసుకుంటూ పోయి ఆగాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. నేను పరుగెత్తి వెళ్లి చూస్తే నట్టు, బోల్టు, వాషరు స్టేకు అంతే గట్టిగా ఉన్నాయి, వాటి మధ్య సీసా మూతంత ఫైబర్ ముక్క మిగిలి ఉంది. నా బిగింపు ఎక్కడా వదులు కాలేదు, అమ్మలూ.

యజమాని వాడినే తిట్టాడు, జోరుగా తిప్పావన్నాడు, ఆ నెల జీతంలో సీటు ఖరీదు పట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇంటికి డబ్బు పంపవలసిన రోజులు, నోరు మెదపలేదు. మూడు నెలల తరువాత, చెప్పేద్దామని వాడి గదికి వెళ్లాను. అప్పటికే గది ఖాళీ చేసి, ఏ ఊరో చెప్పకుండా వెళ్లిపోయాడన్నారు. ఆ ఫైబర్ ముక్క ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది. చిన్నప్పుడు నువ్వు దానితో తొక్కుడుబిళ్ల ఆడతానని అడిగితే కసిరాను. ఎందుకు కసిరానో నీకు ఇప్పుడు అర్థమవుతుంది.

కాబట్టి నాలుగు చోట్లా సీటు తనంతట తానే ఆనాలి. బోల్టు లేకుండా నిలబెట్టి చూడు, ఎక్కడ సందు ఉంటే అక్కడ ఆ సందంత ప్యాకింగ్ వెయ్యి. ఇనుముకూ సీటుకూ మధ్య రబ్బరు వాషరు మరిచిపోకు. నట్టు బిగిశాక ఇంకొక చుట్టు తిప్పాలని చెయ్యి లాగుతుంది, తిప్పకు. ప్రతి నట్టు మీదా రంగుతో ఒక గీత పెట్టు, పది నిమిషాలు తోలి ఆపి గీత కదిలిందేమో చూడు. ఏ చప్పుడు వినబడినా విప్పు. చీకటి పడినా సరే, స్నేహితులు ఎదురు చూస్తున్నా సరే, విప్పు.

చున్నీ వేసుకుని ఆ బండి దగ్గరికి కూడా వెళ్లవద్దు. జడ హెల్మెట్ లోపలికి, చొక్కా లోపలికి పోవాలి. తిరిగే యాక్సిల్‌కు చిక్కితే అది వదలదు. ఈ ఒక్క విషయంలో నువ్వు విన్నావని మీ నాన్న నాకు ఫోన్ చేసి చెప్పాలి.

5, 10 మిల్లీమీటర్ల స్పేసర్లు, వెడల్పు వాషర్లు ముప్పై, రబ్బరువి ఇరవై కట్టించాను, రేపు ఆర్టీసీ పార్సిల్‌లో వస్తాయి. రాజాం 2022 నుంచి మన జిల్లాయే అయినా చిరునామాలో నా చెయ్యి ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే రాస్తోంది, కొట్టివేత చూసి నవ్వకు. ఆదివారం ఉదయం బస్సుకు నేను వస్తున్నాను. అప్పటిదాకా టేపు అంటించి గుర్తులు మాత్రం పెట్టు, డ్రిల్లు ముట్టుకోకు. బెల్టు సంగతి మీ అమ్మతో నేనే మాట్లాడతాను, నువ్వు కదపకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య